ఏడు చెంచాలు

కోడలు గిన్నెలు తోమి బోర్లించీ బోర్లించకముందే అత్తగారు వచ్చి చెంచాలు లెక్కపెట్టింది. ఏడు. "రెండు నెలలైంది, ఒక్కటీ పోలేదు చూశావా అమ్మాయ్? నేను కన్నేసి ఉంచాక చేతులు కుదురుగా ఉంటున్నాయి," అంది. ఎవరి చేతులో చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. పన్నెండు చెంచాల్లో ఐదు మాయమైన ఆ ఏడాదంతా, కోడలు పుట్టింటికి సంచీ సర్దుకున్నప్పుడల్లా ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. మొగుడేమో పేపర్లోంచి తలెత్తకుండా, "పోనీలే అమ్మా, చెంచాలేగా," అన్నాడు. అత్తగారి చూపుల కన్నా ఆ 'పోనీలే' ఆమెని ఎక్కువ కోసింది. దొంగవే అయినా క్షమించాం పో అన్నట్టుంది మరి.

ఆమె ఉద్యోగం ఒక కిటికీ వెనక. మత్తుమందు ఎక్కించుకునేవాళ్ల దగ్గర పాత సూదులు తీసుకుని కొత్తవిచ్చే కేంద్రం అది. రెండు నెలల కిందట, మత్తు వాడితే జైలు అనే చట్టం ఎత్తేశాక జనం భయం లేకుండా రావడం మొదలుపెట్టారు. అక్కడ అసలు పేరు అడగరు. వచ్చినవాళ్లు ఏ పేరు చెబితే ఆ పేరూ, వారమూ పొట్లం మీద రాసిస్తారు. కాలేజీలో లెక్కలు చెప్పే ఆమె మొగుడికి ఆ కిటికీ అంటేనే ఒళ్లుమంట. "నాలుగు తగిలించి లోపలేస్తే వాళ్లే దారికొస్తారు. మాస్టారి పెళ్లాం సూదులు పంచుతోందంటే నాకెంత నామోషీ? మానెయ్." ఈమధ్య ఆ పోరు మరీ ఎక్కువైంది. దానికి తోడు ఇంకో ప్రశ్న: "నీకు గురువారమేగా సెలవు? మార్చలేదుగా?" ఆ గురువారం సాయంత్రాలే ఆయనకి ఏదో ఒక మీటింగు. ఎవత్తో ఉందనుకుంది ఆమె. చొక్కాలు వాసన చూసింది, ఫోను మోగితే చెవి అటే పడేసింది, ఇక అత్తగారికీ తనకీ తేడా ఏముందని తనని తనే అసహ్యించుకుంది. మండుటెండల్లోనూ ఆయన పొడుగు చేతుల చొక్కాలే వేస్తుంటే, మాస్టారు కదా, హుందాతనం అనుకుంది. రోజంతా అలాంటి చేతులే చూసే మనిషి!

ఇవాళ శుక్రవారం. బట్టలు నానబెట్టబోతూ ఆయన ప్యాంటు జేబులో చెయ్యి పెడితే పొట్లం తగిలింది. విప్పకుండానే తెలిసిపోయింది, రోజూ తను కట్టేవే. సూదులు, దూది, మందు కలుపుకోవడానికి బొటనవేలంత రేకు గిన్నె. పైన తోటి నర్సు చేతిరాత: గురువారం, చిట్టిగువ్వ. పెళ్లైన కొత్తలో ఆయన ఆమెని పిలిచిన పేరు అది. ఇంట్లో ఆ పిలుపు విని పన్నెండేళ్లైంది.

తొట్టి అంచు మీద కూలబడింది. ఏడుపు రాలేదు. కళ్లు ఆ రేకు గిన్నె మీదే ఆగిపోయాయి. చెంచాలు పోకపోవడానికి కారణం అత్తగారి కాపలా కాదన్నమాట! ఇన్నాళ్లూ చెంచాలోనే మందు కాచి, మసిబారాక పారేసి ఉంటాడు. ఈ గిన్నె దొరికాక ఆయనకి చెంచాతో పని తీరిపోయింది, అంతే. ఇప్పుడు తను రచ్చ చేస్తే కిటికీకి వెళ్లడం మానేసి, చాటుగా ఎవరి సూదో పొడుచుకుంటాడు. అలా రావడం మానేసి, మరిక కనిపించనివాళ్లని ఆమె ఎరుగును. ఆయన పోవాలని ఆమెకి లేదు. అలాగని అంట్లకీ బట్టలకీ తోడు ఆయన్ని బాగుచేసే పని కూడా నెత్తిన వేసుకోదలచుకోలేదు.

అద్దం ముందు చొక్కా చేతులకి గుండీలు పెట్టుకుంటున్నాడాయన. పొట్లం తీసుకెళ్లి ముందు పెట్టింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేను ఉద్యోగం మానను. నా సెలవు గురువారమే ఉంటుంది, మీరు ఎప్పట్లాగే వెళ్లండి. కొత్త సూదే వాడండి. లోపల గడియ మాత్రం పెట్టుకోకండి, మోతాదు మించి పడిపోతే లోపలికి రాగలగాలి," అంది.

"అమ్మకి చెప్పకే," అన్నాడు.

"చెప్పను. కిటికీ దగ్గర మేం ఎవర్నీ ఏమీ అడగం. కానీ ఇది ఇల్లు. మందు సంగతి చెప్పుకోవడం, మానడం మీ ఇష్టం. చెంచాలు తీసింది నేను కాదని మాత్రం ఇప్పుడే వెళ్లి చెప్పండి."

వంటింట్లో అత్తగారు చెంచాలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె పక్కకి తప్పుకుని ఆయనకి దారిచ్చింది.