ఎడమ పైపుకు నిమ్మకాయ

నేను ఒక మోటారు సైకిలుకు ముందు చక్రాన్ని పట్టుకొని ఉండే రెండు ఫోర్కు పైపుల్లో ఎడమదాన్ని. నా కథ మొదలయ్యేసరికి ఢిల్లేశ్వరి నన్ను తుడుస్తూ ఉంది. రోజూ ఆ వేళకే, పొయ్యి మీద టీ మరిగేలోపు, పాత లుంగీ ముక్క పట్టుకొని వాకిట్లోకి వస్తుంది. కుడి పక్కనున్న నా తోడును రెండుసార్లు రుద్ది వదిలేస్తుంది. నా దగ్గర మాత్రం పీట వేసుకొని కూర్చుంటుంది. జబ్బు మనిషికి దక్కే మర్యాద నాకు దక్కేది.

పుట్టినప్పుడు నాకు ఏ జబ్బూ లేదు. దూరదేశపు ఫ్యాక్టరీలో మమ్మల్నిద్దరినీ ఒకే ఉక్కుతో చేశారు. సానబట్టి, పైన వెండిలాంటి పూత పూశారు. మా పని చాలా తేలిక. రోడ్డు గుంతలో చక్రం ఎగిరితే లోపలికి దిగాలి, మళ్ళీ పైకి రావాలి. మా లోపల నూనె ఉంటుంది. అది బయటికి కారకుండా మెడకు రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. పైపు నున్నగా ఉన్నంతకాలం ఆ రబ్బరు బాగుంటుంది. నున్నదనం పోతే అందరికీ కష్టాలే. ఇది మనుషుల సంగతి కూడా అనుకుంటాను గాని, వాళ్ళ మెడల సంగతి నాకు సరిగా తెలియదు.

మమ్మల్ని కొన్నది తాతారావు. సముద్రానికి కోసెడు దూరంలో, ఉప్పు మళ్ళ పక్కన అతని ఇల్లు. కొన్న ఆరు నెలలకే గుజరాత్ బోట్ల మీద చేపల వేటకు వెళ్ళిపోయాడు. ఆ ఊరి మగవాళ్ళు ఏడాదిలో సగం అక్కడే ఉంటారు. బండి అతని భార్య ఢిల్లేశ్వరి చేతికి వచ్చింది. ఆమె పశువుల ఆసుపత్రిలో సహాయకురాలు. చుట్టూ ఏడు ఊళ్ళు తిరిగి ఆవులకూ మేకలకూ సూదులు వేస్తుంది. ఆమె డాక్టరు కాదు. ఆ మాట ఆమె చెబుతూనే ఉంటుంది, జనం డాక్టరమ్మా అంటూనే ఉంటారు.

ఇంట్లో ఇంకొకరు ఉన్నారు, అత్తగారు దాలమ్మ. ముప్పయ్యేళ్ళు ఉప్పు మళ్ళలో పనిచేసిన మనిషి. పొట్టిగా ఉంటుంది. స్టాండు వేస్తే బండి ఎడమకు వాలుతుంది కాబట్టి ఆమె చేతికి అందేది నేనే. ప్రతి మంగళవారం ఒక నిమ్మకాయను సగం కోసి, లోపల కుంకుమ కూరి, ఏడు పచ్చిమిరపకాయలతో దారానికి గుచ్చి నా మెడకు కట్టేది. దిష్టి తగలకూడదని. ఆ రసం వారమంతా నామీద బొట్టుబొట్టుగా కారేది.

కడుతున్నప్పుడు ఆమె నాతో మాట్లాడేది. ఇంట్లో ఎవరికీ చెప్పని మాట ఒకటి నాకు చెప్పింది. ఆమె మొగుడు వేటకు వెళ్ళిన చివరి రోజున తెప్పకు కట్టడానికి ఇంట్లో నిమ్మకాయ లేదట. "ఒక్క రోజుకేటయిపోద్దిలే అనుకున్నాను," అంది. తెప్ప తిరిగి వచ్చింది, ఆయన రాలేదు. ఫోర్కు పైపుకు చెప్పిన మాట బయటికి పోదని ఆమె నమ్మకం. ఇవాళ్టి దాకా అది నిజమే.

ఢిల్లేశ్వరికి ఈ సంగతి తెలియదు. ఆమెకు తెలిసిందల్లా, మంగళవారం తాను ఇల్లు చేరేదాకా అత్త అన్నం ముట్టదని. అందుకని నిమ్మకాయను ముట్టుకోదు. రోజూ పొద్దున్నే నిమ్మకాయ కిందనుంచి కారిన మేరకు తుడుస్తుంది. తరువాత సంచి తగిలించుకొని "ఎల్లొస్తానత్తా" అని కేకేస్తుంది. లోపలినుంచి "ఎల్లిరా" అని వస్తుంది. అది వచ్చాకే బండి కదులుతుంది.

తుడవడం వల్ల ఆ పులుపు తెచ్చిన తుప్పు ఆగలేదు, కాస్త నెమ్మదించింది అంతే. ముందు గోధుమరంగు చుక్కలు వచ్చాయి. తరువాత చుక్కలు గుంటలయ్యాయి. గుంటల అంచులు రబ్బరును గీరాయి. నూనె కారి, నా పక్కనే ఉన్న బ్రేకు పళ్ళెం మీద పడింది. వైశాఖంలో ఒక ఉదయం ఢిల్లేశ్వరి ఉప్పు మళ్ళ గట్టు మీద వెళుతుంటే గొర్రెల మంద అడ్డం వచ్చింది. ఆమె బ్రేకు నొక్కింది. నూనె పడిన బ్రేకు పట్టలేదు. బండిని పక్కకు తిప్పింది. మేమందరం వెళ్ళి ఉప్పు రాశిలో ఆగాం. గొర్రెలు ఆగి చూసి, నచ్చక వెళ్ళిపోయాయి.

ఆమె మోకాళ్ళ దాకా ఉప్పుతో ఇంటికి వచ్చింది. కాలు జారిందని చెప్పింది. దాలమ్మ ఆ చీరనూ ఉప్పునూ చాలాసేపు చూసింది. ఆ తరువాతి మంగళవారం నాకు రెండు నిమ్మకాయలు కట్టింది.

వానలకు ఇంకా పదిహేను రోజులుంది. వాన పడితే ఆ గట్టు నల్లబురద. ఉన్న టైర్లు కూడా అరిగిపోయి ఉన్నాయి. ఢిల్లేశ్వరి బండిని సెంటరులో మెకానిక్కు లోకనాథం షెడ్డుకు బయల్దేరదీసింది. "నానూ వొస్తాను," అని దాలమ్మ వెనక ఎక్కింది. నిమ్మకాయలు ఎవరైనా తీసి పారేస్తారేమోనని ఆమె భయం.

లోకనాథం కిందికి వంగి నామీద గోరు పెట్టి మెల్లగా పైనుంచి కిందికి గీశాడు. గోరు నాలుగు చోట్ల ఆగింది.

"గోరు ఆగితే పైపు పోయినట్టే డాక్టరమ్మా. పైపైని తుప్పయితే కిరసనాయిలేసి రుద్దేద్దును. ఇది గుంటలడిపోనాది. మార్సాలి. నేకపోతే ఈసారి ఉప్పు రాశి దొరకదు, లారీ దొరుకుతాది," అన్నాడు. తరువాత నా తోడు మీద గోరు గీశాడు. ఎక్కడా ఆగలేదు. "ఇది పెళ్ళికొడుకులాగున్నాది. మరి దీనికేటయింది?"

"ఉప్పుగాలి," అంది ఢిల్లేశ్వరి.

"ఉప్పుగాలి ఒక పైపుకే తగుల్తాదేటి?"

"మా ఊరి గాలి ఎడమ పక్కనుంచే వొస్తాది."

లోకనాథం నిమ్మకాయల వంక చూశాడు. బెంచీ మీదున్న దాలమ్మ వంక చూశాడు. ఢిల్లేశ్వరి అతని వంకే కన్నార్పకుండా చూస్తోంది. అతను తెలివైనవాడు. "అవున్లే, గాలిని నమ్మలేం," అని దారం విప్పి, నిమ్మకాయలను శుభ్రమైన గుడ్డ మీద పెట్టాడు.

దాలమ్మ బెంచీ మీదనుంచి లేచి వచ్చి తన గోరును నామీద గీసి చూసుకుంది. గోరు ఆగిన చోట వేలు చాలాసేపు ఉంచింది. కుంకుమ ఇంకా ఆ గుంటల్లోనే ఉంది.

తరువాత టైర్ల పంచాయితీ. తాతారావు ఫోనులో గుజరాత్ నుంచి అరిచాడు. "ఎనక వెడల్పు టైరు ఏయించీ. బండికి లుక్కొస్తాది."

"ఆ చక్రానికి అది పట్టదు బావా," అన్నాడు లోకనాథం ఫోను వైపు వంగి. "పట్టినా బురదంతా మడుగార్డులో ఇరుక్కుంటాది. సక్రం తిరగదు, లుక్కు మాత్రం ఉంటాది."

అతను మూడు టైర్లు గోడకు ఆనించాడు. ఒకటి నిలువు గీతలది. తారు మీద నీళ్ళలా పోతుంది, బురదలో దారి తప్పుతుంది. రెండోది పెద్ద పెద్ద బటన్లది. బురదను కరిచి పట్టుకుంటుంది గాని, తడిసిన తారు మీద దాన్ని నమ్మలేం. మూడోది ఈ రెండింటికీ నడుమది, చిన్న గడులతో, వెడల్పు లేకుండా. "తారు ఐదు కిలోమీటర్లు, గట్టు మూడు. అందరూ ఎనక్కి బటనేసి ముందర పాతదే వొదిలేస్తారు. అలాగే ఏసేత్తాను," అన్నాడు.

"ఆగు నాయనా," అంది దాలమ్మ.

ఆమె చెప్పు విడిచి, మడమతో ఒక్కో టైరును తొక్కి చూసింది. షెడ్డులో ఇద్దరు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు.

"ముప్పయ్యేళ్ళు నెత్తిన తట్టతోటి ఆ గట్టు మీద నడిసినాను. ఎనక కాలు జారితే మనిషి తూలుతాది, నవ్వుకొని నిల్సుంటాది. ముందర కాలు జారిందా, తట్టతోటి మనిషి కిందే. మంచిది ముందరికెయ్యి. ఎనక్కీ ఆ నడుమదే ఎయ్యి. పాతది పారెయ్యి."

లోకనాథం చేతిలోని పానాను కిందపెట్టాడు. "ఇదే మాట నాకు మా గురువు రెండేళ్ళు తన్ని నేర్పినాడు పిన్నీ. మరిసిపోనాను," అన్నాడు.

ముందుకూ వెనక్కూ ఆ మూడోరకమే వేశారు. నా చోట కొత్త పైపు వచ్చింది. తోడు నా వైపు చూడలేదు. మాకు కళ్ళు లేవు గాని, ఉన్నా చూసేది కాదు. దానికి కొత్తదానితో పని మొదలైంది. నన్ను లోకనాథం పాత సామాను కుప్ప మీదికి విసరబోతే, దాలమ్మ చేయి చాపింది.

"అదిటిచ్చీ."

"ఏటి సేస్తావు పిన్నీ? సిక్కుడు పాదుకా?"

ఆమె నన్ను తువ్వాలులో చుట్టి, వొళ్ళో పెట్టుకొని ఇంటికి తెచ్చింది. గడప పక్కన మూలకు ఆనించింది. మోటారు సైకిలు మీద నేను ఊరికే కూర్చొని ప్రయాణించింది ఆ ఒక్కసారే. బాగుంది.

మంగళవారం వచ్చింది. తొలి జల్లు పడుతోంది. దాలమ్మ నిమ్మకాయ కోసింది, కుంకుమ కూరింది, మిరపకాయలు గుచ్చింది. బండి దగ్గరకు వెళ్ళింది. కొత్త పైపు మెరుస్తోంది. దాని ముందు తడుస్తూ నిలబడింది. దారం పట్టుకున్న చేయి పైకి లేచింది, మళ్ళీ కిందికి దిగింది. అట్లాగే వెనక్కి తిరిగి వచ్చి, నా మెడకు కట్టింది.

"అక్కడైనా ఇక్కడైనా నువ్వే కదేటి," అంది మెల్లగా. "నా కోడల్ని సూసుకో."

నాకు చక్రం లేదు, లోపల నూనె లేదు. అయినా ఒప్పుకున్నాను.

ఢిల్లేశ్వరి మందుల పెట్టె భుజాన వేసుకొని వచ్చింది. లుంగీ ముక్కతో కొత్త పైపును తుడిచింది. అక్కడ నిమ్మకాయ లేకపోవడం చూసి చేయి ఆపింది. ఇంట్లోకి తిరిగి చూసింది. మూలన నేను కనిపించాను. దాలమ్మ పొయ్యి ముందు అటు తిరిగి కూర్చొని ఉంది. ఆర్పిన పొయ్యిని ఊదుతోంది.

ఢిల్లేశ్వరి గడప దాటి వచ్చి నా ముందు కూర్చుంది. నిమ్మకాయను కదపకుండా, దాని కిందనుంచి కారిన రసాన్ని పైనుంచి కింది దాకా తుడిచింది. రోజూ తుడిచినట్టే, గుంట గుంటలోనూ వేలు పెట్టి తుడిచింది. నన్ను తుడవాల్సిన పని ఇక లోకంలో ఎవరికీ లేదు.

తరువాత గుడ్డను మడిచి నా పక్కనే పెట్టింది. అత్త వీపు వంక ఒకసారి చూసింది. ఎల్లొస్తానని కేకేస్తే అత్త ఇటు తిరగాల్సి వస్తుందని, ఆ మాట అనలేదు. గడప దిగి, కొత్త టైర్ల మీద బండిని నెట్టుకుంటూ వానలోకి వెళ్ళిపోయింది.