అన్సెల్మ్ చివరి సీసా

మా ఊళ్ళో గాజువాళ్ళకీ బొగ్గువాళ్ళకీ ఎప్పుడూ పడేది కాదు. వాళ్ళ దృష్టిలో మేం మసిమొహాలం, మా దృష్టిలో వాళ్ళు వట్టి బడాయిగాళ్ళు. గని దగ్గర బొగ్గులోంచి రాళ్ళు ఏరేసే నేను, పోయి పోయి కరిగిన గాజుని గొట్టంతో ఊది సీసాలు చేసే అన్సెల్మ్‌ని కట్టుకున్నాను. నా ఖర్మ! ఆడది ఊదుడు గొట్టం ముట్టుకుంటే కొలిమిలో గాజంతా పాడవుతుందని వాళ్ళ నమ్మకం. సూపు గిన్నె పట్టుకెళ్ళినా నన్ను ఫ్యాక్టరీ గుమ్మం బయటే నిలబెట్టేవాడు. ఆ మంట నా కడుపులో యాభై ఏళ్ళుగా ఉంది.

గని మూశారు, తర్వాత గాజు ఫ్యాక్టరీ మూశారు. ఇప్పుడా షెడ్డు మ్యూజియం. మొన్న ఏప్రిల్‌లో అక్కడ చిన్న కొలిమి వెలిగించి, పాతవాళ్ళలో మిగిలింది ఈయనొక్కడేనని, జనం ముందు సీసా ఊది చూపించమని మా ఆయన్ని పిలిచారు. ఆయనకి ఎనభై రెండేళ్ళు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

"చచ్చేలోగా ఇంకొక్క సీసా ఊదాలే, లియోనీ. ఇంకేం వద్దు నాకు" అన్నాడు.

ఆ రోజు మా అన్న ఫిర్మన్, ముప్పై ఏళ్ళు గనిలో చేసినవాడు, ముందు వరసలో కూర్చున్నాడు.

"బావా, ముందు నీ సూపు ఊదుకుని తాగు, చాలు!"

"నోర్ముయ్, బొగ్గుమూతీ!"

కొలిమి తలుపు తీయగానే వేడి మొహాన కొట్టింది. పెళ్ళయిన కొత్తలో ఈయన చొక్కాలన్నీ అదే వాసన. నాకు కళ్ళు చెమర్చాయి. అన్సెల్మ్ గొట్టం కొసన ఎర్రటి గాజుముద్ద తీసి, తిప్పుతూ ఊదాడు. నిమ్మకాయంత ఉబ్బింది. మళ్ళీ ఊదబోతే దగ్గు తెర కమ్ముకుంది. గాజు చల్లబడి గట్టిపడిపోతోంది. ఫిర్మన్ నవ్వు ఆగిపోయింది.

కొలిమి చూసుకునే మనిషి గొట్టం కోసం చెయ్యి చాచాడు. ఈయన ఇవ్వలేదు. నా వైపు తిరిగాడు.

"ఏం చూస్తున్నావే? రా, ఊదు!"

"నేనా? పాడైపోదూ?"

"పోతే పోనీ! త్వరగా!"

ఆయన తిప్పుతుంటే నేను ఊదాను. గొట్టానికి ఆయన ఎంగిలి తడి ఇంకా ఆరలేదు. బుగ్గలు పీకేదాకా ఊదాను. సీసా వచ్చింది. మెడ వంకర, పొట్ట ఓ పక్కకి.

మర్నాడు అది చల్లారాక కొలిమి మనిషి చూసి పెదవి విరిచాడు.

"దీన్ని కరిగించేద్దామా, తాతా?"

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా" అన్నాడు అన్సెల్మ్. "అందులో సగం ఊపిరి మా ఆవిడది."

యాభై ఏళ్ళలో నలుగురి ముందూ నా గురించి ఒక్క మంచిమాట అనడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుద్దువుగానిలే, ముందు పట్టుకో" అంటూ సీసా నా చేతుల్లో పెట్టాడు.