మామయ్య ఎంచిన సైకిల్

మా కోడలు ఉద్యోగంలో చేరిన వెంటనే సైకిల్ కొనాల్సి వచ్చింది. రక్త పరీక్షలు చేసే ల్యాబులో పని. పొద్దున్నే కొండవాలు ఇళ్ళకు పోయి, మంచాన పడ్డవాళ్ళ దగ్గర నెత్తురు తీసుకుని, ఎండ ముదరకముందే కిందికి తెచ్చి అప్పగించాలి. ఆ కొండ మీదికి బస్సు పోదు. దారంతా రాళ్ళూ గతుకులూ. మామూలు సైకిల్ నిలవదు, గేర్లున్న కొండ సైకిల్ కావాలి. నెల రోజులు పని చూసి, ఉంచుకోవాలో వద్దో చెప్తామన్నారు ల్యాబువాళ్ళు.

ఆమె దాచుకున్న డబ్బు కొంచెమే. ఒకసారి కొంటే మళ్ళీ కొనే వీలు లేదు.

మా అబ్బాయి లారీ మీద ఎక్కడో ఉన్నాడు. ఫోన్‌లో పెళ్ళానికి చెప్పాడు. "నాన్నను తీసుకెళ్ళు. పుట్టినప్పట్నించీ ఇనుముతోనే ఉన్నాడు. ఆయన్ని ఎవడూ మోసం చెయ్యలేడు."

నేను గేట్లు చేసేవాణ్ణి. గేట్ల మేస్త్రీ అంటారు. ఇనుము తెలుసన్న మాట నిజమే. సైకిల్ తొక్కడం మాత్రం రాదు. చిన్నప్పుడు ఇంట్లో సైకిల్ లేదు. పనిచేసే షెడ్డు పక్క వీధిలోనే. మీసాలొచ్చాక నేర్చుకుంటే నవ్వుతారని ఊరుకున్నాను. తర్వాత ఎవరూ అడగలేదు. నేను మాట్లాడేది తక్కువ. మాట్లాడనివాడికి అన్నీ తెలుసనుకుంటారు జనం. అలా అనుకోవడం నాకూ బాగానే ఉండేది.

ఆ సంగతి నా భార్యకు ఒక్కదానికే తెలుసు. ఫోన్ పెట్టేశాక నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను.

"వెళ్ళండి వెళ్ళండి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు" అని గొణిగింది. కోడలికి వినపడలేదు.

సైకిళ్ళ షాపు ఒక ఆవిడది. చేతులకు గ్రీజు, జడ ముడి వేసి నెత్తిన పెట్టుకుంది. మా డబ్బు ఎంతో విని రెండు సైకిళ్ళు బయటికి తెచ్చింది. ఒకటి ఎవరో వాడి ఇచ్చింది. రంగు పోయి గీతలు పడింది, స్ప్రింగులు లేవు. రెండోది కొత్తది. ఎర్రగా మెరుస్తోంది. ముందూ వెనకా లావుపాటి స్ప్రింగులు.

"స్ప్రింగులు చూసి మురిసిపోకండి. ఈ ధరలో వెనక స్ప్రింగంటే బరువు తప్ప ఇంకేం లేదు. కొండ ఎక్కడానికైతే పాతదే తీసుకోండి" అందావిడ.

కోడలు పాతదాన్ని ఎక్కి వీధి చివరిదాకా పోయి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "మామయ్యా, గాల్లో పోతున్నట్టుంది."

నేను దాన్ని ఒంటి చేత్తో ఎత్తాను. దూదిపింజలా లేచింది. గొట్టం మీద వేలితో కొట్టాను. ఖంగుమనలేదు. అతుకుల దగ్గర వెల్డింగు గొంగళిపురుగు పాకినట్టు గుట్టలు గుట్టలుగా ఉంది. మా పనిలో అతుకును అలా వదిలేస్తే కూలి ఇవ్వరు. సానబట్టి నున్నగా చెయ్యాలి. ఎర్రదాని అతుకులు నున్నగా ఉన్నాయి. ఎత్తబోతే రెండు చేతులూ కావాల్సి వచ్చింది.

"ఇది" అన్నాను.

"పెద్దాయనా, అది అల్యూమినియం. దాని అతుకు అలాగే ఉంటుంది. నమ్మకపోతే రెండూ ఎక్కి ఒక చుట్టు వేసి రండి. మీకే తెలుస్తుంది" అని షాపావిడ పాతదాన్ని నా చేతికిచ్చింది.

హ్యాండిలు పట్టుకున్నాను. కోడలు చూస్తోంది. వీధిలో ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు.

"మోకాలు నొప్పి" అన్నాను. "తొక్కక్కర్లేదు. చేత్తో పట్టుకుంటే చాలు, తెలుస్తుంది."

కోడలు పాతదాని సీటు మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది. "మామయ్య చెప్పారంటే అదే" అంది. డబ్బు కట్టేసింది.

ఇంటికొచ్చాక నా భార్య ఎర్రదాని చుట్టూ ఒకసారి తిరిగింది. కోడలు లోపలికి పోగానే అడిగింది. "తొక్కి చూసే కొన్నారా?"

నేను కాళ్ళు కడుక్కోవడానికి పోయాను.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా మీకు!"

ఆ తర్వాత రోజూ అడిగేవాణ్ణి. "సైకిల్ ఎలా ఉందమ్మా?"

"చాలా బాగుంది మామయ్యా."

అదే మాట, అదే నవ్వు. ఇంటికొచ్చి గోడకు కాళ్ళు ఎత్తిపెట్టి పడుకునేది. కొత్త పని కదా అనుకున్నాను. ఒకరోజు ఆమె అత్తతో మెల్లగా చెప్తుంటే విన్నాను. రెండుసార్లు ఆలస్యమైందట. ఇంకోసారి ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటామన్నారట.

"ఎందుకవుతోందే ఆలస్యం?" అంది నా భార్య.

"నేనే త్వరగా లేవడం లేదత్తయ్యా."

ఆ పిల్ల కోడి కన్నా ముందు లేస్తుంది.

ఒక పొద్దున కొండ మీదింటివాళ్ళు కబురు పెట్టారు. నేను చేసిన గేటు కీలు జారిందని. వెళ్ళి కీలు చూస్తుంటే, దారి మలుపులో మా కోడలు కనిపించింది. సైకిల్ ఎక్కి లేదు, నెడుతోంది. భుజాన నెత్తురు సీసాల పెట్టె, నడుం వంగిపోయి ఉంది.

ఎదురింటి అరుగు మీద ముసలావిడ కేకేసింది. "రోజూ దాన్ని నువ్వే మోస్తావేమే పిల్లా? ఒక్కరోజైనా అది నిన్ను మొయ్యదా?"

కోడలు ఆగి, రొప్పుతూనే నవ్వింది. "ఎక్కితే కిందికీ మీదికీ ఊగుతుంది అవ్వా, ముందుకు పోదు. అయినా మా మామయ్య ఏరి కోరి ఎంచింది. సైకిల్ గట్టిదే. నా కాళ్ళలోనే బలం లేదు."

నేను గేటు వెనక్కి తప్పుకున్నాను. నేను చేసిన గేటే. రేకు గేటు కాబట్టి మనిషి కనపడడు. ఆమె దాటి పోయేదాకా పై కీలు పట్టుకుని అక్కడే నక్కి నిలబడ్డాను. ఇంటాయన వచ్చి, "కీలు కింద ఉంది మేస్త్రీ, మీరు పైన వెతుకుతున్నారేం?" అన్నాడు.

సెలవు రోజు మధ్యాహ్నం కోడలు నిద్రపోతుంటే సైకిల్ మార్చి తెద్దామని షాపుకు బయల్దేరాను. తొక్కడమే కాదు, నడిపించడమూ రాదని అప్పుడు తెలిసింది. హ్యాండిలు ఒకవైపు వాలుతుంది, పెడలు వచ్చి పిక్క మీద కొడుతుంది. ఇస్త్రీ బండి అతను చూసి నవ్వాడు. "ఎక్కవయ్యా మేస్త్రీ! అదేమైనా పెళ్ళికూతురా, చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నావు?"

తల వంచుకుని పోయాను. పక్క షాపు దర్జీ వదిలిపెట్టలేదు. కత్తెర పట్టుకునే బయటికొచ్చాడు.

"గాలి పోయిందా బావా?"

"లేదు."

"చైన్ తెగిందా?"

"లేదు."

"మరెందుకు ఎక్కవు?"

మోకాలు నొప్పి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట వల్లే ఇదంతా.

"నాకు రాదు" అన్నాను.

"ఏం రాదు?"

"తొక్కడం."

లోపల మిషన్ల దగ్గరవాళ్ళు ముందు నవ్వారు. తర్వాత దర్జీ కూడా నవ్వాడు. మా వీధి అంతటికీ ఒక మాట చేరాలంటే ఆ షాపులో వేస్తే చాలు.

సైకిళ్ళ షాపావిడ నన్ను చూడగానే స్పానర్ కింద పెట్టింది. "ఆ పాతది మర్నాడే పోయింది పెద్దాయనా. అలాంటివి ఇంకొన్ని వచ్చాయి. దీన్ని వెనక్కి తీసుకుంటాను గానీ మీరిచ్చిన ధర రాదు. ఇంకో సంగతి, మీ చేతికి మాత్రం ఇవ్వను. తొక్కే మనిషిని పంపండి."

సరేనన్నాను. సైకిల్ మళ్ళీ తిప్పుకుని అదే వీధిలో ఇంటికి నెట్టుకొచ్చాను. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. అందరికీ తెలిసిపోయింది.

కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. వెనకాల నా భార్య.

"మీకు సైకిల్ రాదా మామయ్యా?"

"రాదు."

"ఆ రోజు షాపులో ఆ ఒక్క మాట అని ఉంటే..." సైకిల్ వైపు చెయ్యి చూపించింది. "నాకు కాళ్ళలో బలం లేదనుకున్నాను. రోజూ అదే అనుకున్నాను. మీరు ఎంచింది తప్పయి ఉండదని నన్ను నేనే తిట్టుకున్నాను!"

నా ముఖం మీద ఎవరూ అంత గట్టిగా మాట్లాడలేదు అంతకుముందు. నా భార్య ఆపుతుందేమో అని చూశాను. ఆపలేదు. నేను సైకిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. స్టాండు వెయ్యడం కూడా సరిగ్గా రాదు. ఆమే వచ్చి కాలితో తన్ని స్టాండు వేసింది.

ఆ సాయంత్రమే ఇద్దరం షాపుకు వెళ్ళాం. ఆమె ముందు, నేను వెనక. నేను లోపలికి పోలేదు, మెట్టు మీద కూర్చున్నాను. ఆమె మూడు సైకిళ్ళు ఎక్కి చూసింది. నా ముందు నుంచే పోయి వస్తోంది. ఏది బాగుందని నన్ను అడగలేదు. చివరికి రంగు వెలిసిన నీలం సైకిల్ ఎంచింది. అతుకులన్నీ గొంగళిపురుగులే. తేడా డబ్బు నేనిస్తానన్నాను. వద్దనలేదు. వద్దని ఉంటే ఇంకా తల ఎత్తుకోలేకపోయేవాణ్ణి.

"మీరు నడిచి రండి మామయ్యా" అని ఎక్కి వెళ్ళిపోయింది. ఎప్పుడూ నా నడకకు సరిపడా మెల్లగా నడిచేది. ఆ రోజు మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

నెల గడిచింది. ల్యాబువాళ్ళు ఉంచుకున్నారు. ఆ మాట నా భార్యతో చెప్పింది, నాతో కాదు. నేను సైకిల్ సంగతి అడగడం మానేశాను. అడిగే ముఖం లేదు.

మొన్న అన్నం దగ్గర తనే అంది.

"సీటు రాయిలా ఉంది మామయ్యా. మూడో గేరు పడటం లేదు, ఎగిరిపోతోంది. ఎందుకంటారు?"

బాగుంది అనలేదు. చాలా రోజుల తర్వాత నాతో అన్న పెద్ద మాట అదే. వీధిలో సైకిల్ నిలబెట్టి ఉంది. చూసి ఏదో ఒకటి చెప్పొచ్చు. నా భార్య గరిటె పట్టుకుని నా నోటి వైపే చూస్తోంది.

"నాకు తెలియదమ్మా" అన్నాను. "షాపావిడకు చూపించు."

"సరే మామయ్యా" అంది. నా కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టింది. నేను తల ఎత్తకుండా తిన్నాను.