తొమ్మిదో నంబరు ఇల్లు

లెట్టీ జుట్టును యంత్రపు పట్టీలోంచి విడదీయడానికి నలభై నిమిషాలు పట్టింది. ప్రాణం మాత్రం మొదటి నిమిషంలోనే పోయింది. నూలు వడికే గదిలో మేమంతా చూస్తుండగానే గుమాస్తా పీబుల్స్ చేతిలో గడియారం పట్టుకుని నిలబడ్డాడు.

"కానివ్వండర్రా, కానివ్వండి. దొరగారికి లెక్క చెప్పుకోవాలి నేను."

నార్త్ కరోలినాలో మా ఏటి ఒడ్డున ఉన్న నూలు మిల్లు కల్నల్ హోబర్న్‌ది. పక్కనున్న పిండి మిల్లూ ఆయనదే. మేం నేసిన బట్ట సంచులవుతుంది, ఆ సంచుల్లో ఆయన పిండి పోస్తారు, ఆ పిండిని ఆయన కొట్లోనే మేం కొనుక్కుంటాం. మేముండే ఇళ్లూ ఆయనవే. ఆ ఇళ్లకు ఒక రూలు: గదికొక మనిషి మిల్లులో పనిచేయాలి. ఒక్క మనిషి తగ్గినా ఇల్లు ఖాళీ చేయాలి.

తొమ్మిదో నంబరుకు రెండు గదులు. ఒక గదికి లెట్టీ, ఒక గదికి ఆమె తల్లి మహాలా. ఆదివారం కూతుర్ని పూడ్చింది. సోమవారం పొద్దున్నే పీబుల్స్ గుమ్మంలోకొచ్చాడు.

"శనివారం దాకా గడువమ్మా. దొరగారిది జాలి గుండె."

మధ్యాహ్నం బోరింగు దగ్గర గుమిగూడాం. సగం మంది నేల చూపులు చూస్తున్నారు. వాళ్లకూ ఇళ్లున్నాయి మరి.

"ఆఫీసు పుస్తకంలో ఇంటి నంబరు పక్కన మిల్లు మనిషి పేరుండాలి, అంతే కదా?" అన్నాను. మూడో తరగతితో ఆగిన చదువు నాది. "ఇద్దాం పేర్లు. అందరం తొమ్మిదో నంబరులోనే ఉంటున్నామని రాయిద్దాం."

"రెండు గదుల్లో ఎనభై మందా?" అంది ముసలి నేతగత్తె డోర్కస్. "మా ఆయన గురకకే ఒక గది చాలదు కదయ్యా!"

లెట్టీ పోయాక మేం నవ్వడం అదే మొదలు. మహాలా కూడా నవ్వింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

శనివారం పేర్లు రాయించడానికి ఆఫీసు కిటికీ ముందు వరుసలో ముందు నేనే నిలబడ్డాను. పీబుల్స్ పుస్తకం తెరిచాడు. పోయిన వారం పేజీలో లెట్టీ చచ్చిన రోజు కింద ఒక్కటే వరుస: 'నాలుగో యంత్రం ఆగిన సమయం, నలభై నిమిషాలు.' పిల్ల పేరు లేదు.

"ఏ ఇల్లు?"

"తొమ్మిది."

నా వెనకున్నవాడిదీ తొమ్మిదే. డోర్కస్‌దీ తొమ్మిదే. ఎనభై మూడు పేర్లు రాసేసరికి పీబుల్స్ వేళ్లు నల్లబడ్డాయి. అప్పుడు కల్నల్ లోపల్నుంచి వచ్చి, పేజీ అంతా తీరిగ్గా చదివి నవ్వాడు.

"బాగుంది. అందరూ మీ నోటితోనే రాయించారు. అంటే తక్కిన ఇళ్లలో ఎవరూ లేరన్నమాట. పీబుల్స్, ఆ తలుపులకు మేకులు కొట్టించు. తొమ్మిదో దానికి కూడా. ఇంతమందిని అది మొయ్యలేదు."

గంటలో మేకుల చప్పుడు మొదలైంది. పొయ్యి మీది కుండలు, పరుపులు, జబ్బు మనుషులు, అన్నీ బురదలో. సామాను ఎత్తుకెళ్లమని పిండి మిల్లు నుంచి ఐజమ్‌ను కంచరగాడిదల బండితో పంపారు. ఐజమ్ నల్లవాడు. మా తెల్లవాళ్ల మిల్లు గడప నల్లవాళ్లను తొక్కనిచ్చేవారు కాదు, అందుకు మేమూ మురిసిపోయేవాళ్లం. అంత పెద్దమనిషిని ఒరేయ్ అనే పిలిచేవాళ్లం.

"ఒరేయ్, ఆ మంచం ముట్టుకోకు!" అని అరిచాడెవడో.

ఐజమ్ కళ్లెం పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "మూడేళ్ల కింద మా తమ్ముడు పిండి మిల్లు తిరగలి రాయి కింద పడి నలిగిపోయాడు. ఆ రోజు మీ మగ్గాల్లో ఒక్కటైనా ఆగిందా?"

మహాలా బురదలోంచి లేచింది.

"ఆగలేదన్నా. ఒక్కటీ ఆగలేదు. అయ్యో పాపం అని కూడా అనలేదు."

ఐజమ్ బండి దిగాడు. గాడిదల్ని విప్పేసి, పిండి మిల్లు వైపు తిరిగి ఈల వేశాడు. ఆరుగురు నల్లవాళ్లు బయటికొచ్చారు. రెండు మిల్లులకూ ఒకటే కాలువ, ఒకటే తూము. దాని తలుపు వాళ్లు దించేశారు. మిల్లుల్ని నడిపే పెద్ద నీటి చక్రం రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. మరునిమిషం మేమూ వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డాం.

చీకటి పడకముందే షెరీఫ్ తుపాకులతో వచ్చి ఐజమ్‌ను, నన్నూ పట్టుకెళ్లాడు.

"నీ ఇల్లెక్కడ్రా?" అని ఐజమ్‌ను అడిగాడు.

"తొమ్మిదో నంబరు."

తుపాకి మడమతో మూతి మీద కొట్టాడు. మళ్లీ అడిగాడు. ఐజమ్ రెండు పళ్లు ఉమ్మి, "తొమ్మిది," అన్నాడు.

తప్పు ఇద్దరిదీ ఒకటే. నాకు మూడు నెలలు వేశారు. ఐజమ్‌కు గొలుసులతో రైలు కట్ట మీద ఐదేళ్ల చాకిరీ. ఆ ఐదేళ్లూ బతికి తిరిగొచ్చినవాణ్ని నేనెరగను.

ఐజమ్‌కు గొలుసు వేసి కోర్టు బయటికి తెచ్చేసరికి రోడ్డు నిండా జనం. మా వాళ్లూ, పిండి మిల్లు వాళ్లూ కలిసే ఉన్నారు. మిల్లు చక్రం ఇంకా ఆగే ఉంది. తూము తలుపు ఎత్తడానికి ఏరు పొడుగునా కల్నల్‌కు ఒక్క మనిషి దొరకలేదు.

"పోండి! ఎవరిళ్లకు వాళ్లు పోండి!" అని షెరీఫ్ తుపాకి ఎత్తాడు.

మహాలా నడిచొచ్చి గొట్టానికి ఎదురుగా నిలబడింది.

"ఎలా పోతాం? మా ఇంటి మనిషిని నువ్వు పట్టుకున్నావు."