తెర మీద గులాబి రంగు

ఇస్త్రీ చేసిన ప్యాంటు, దానికి నప్పే చొక్కా ఒకే హ్యాంగరుకు తగిలించి వాసంతి తలుపు వెనక పెట్టింది. పెళ్లయిన నాటి నుంచీ అది ఆమె పనే. శశిభూషణ్‌కు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. గులాబి అతని కంటికి బూడిద. ఆ సంగతి అతనికీ, తల్లికీ, భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు. "మగవాడి లోపం నలుగురి నోళ్ళలో పడకూడదమ్మాయ్. ఇల్లాలే కప్పుకురావాలి" అని అత్తగారు సుబ్బలక్ష్మి కొత్తలోనే చెప్పింది. వాసంతి కప్పుకొస్తూనే ఉంది. బట్టల కొట్టులో అతను తన వైపు చూడగానే "ఈ ఆకుపచ్చది బాగుందండీ" అని తనకు నచ్చినట్టు అనేది, అతనికి రంగు తెలియడానికి.

శశిభూషణ్ యూనివర్సిటీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. మొదటి ఏడాది పిల్లల కోసం ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాడు. అందులో ఏది రాసినా తెర నిండా నల్లటి చీమల బారే. ఆజ్ఞలకు ఒక రంగు, అంకెలకు ఒకటి, కొటేషన్ల మధ్య మాటలకు ఇంకొకటి, రాస్తుండగానే వాటంతటవే పడేలా ఒక ప్రోగ్రాం కావాలన్నాడు. "నీకెలాగూ ఖాళీయే కదా" అన్నాడు వాసంతితో. ఎంసీఏ చదివి, పాప పుట్టాక ఉద్యోగం మానుకున్న మనిషికి ఖాళీ కాక ఇంకేముంటుంది.

కుక్కరు కూతల మధ్య రాసింది. ఎవరైనా కొటేషను మూయడం మరిచిపోతే అక్కణ్ణుంచి పేజీ చివరిదాకా ఒకే రంగు పూసుకుపోయేది. అది సరిచేస్తుండగా పప్పు మాడింది. "పొరపాటైంది అత్తయ్యా" అంది. తెలంగాణ బంద్‌ల రోజుల్లో క్యాంపస్‌లో పేల్చిన టియర్ గ్యాస్ ఘాటు తార్నాక దాకా వస్తే కిటికీలు మూసి, పాపను పడుకోబెట్టి రాసింది. భర్త తడబడకుండా ఆజ్ఞలను లావు అక్షరాల్లో పెట్టింది. లావుగా ఉంటే అతనికి చాలు, రంగు ఏదైనా ఒకటే. అందుకే ఆ ఒక్కచోట తనకిష్టమైన గులాబి వేసుకుంది. ఆ ఇంట్లో గోడలకూ కర్టెన్లకూ చివరికి తన చీరలకూ రంగు ఎంచేది సుబ్బలక్ష్మే. చౌరస్తాలో ఎవరి మెడలో చూసినా ఉద్యమం గులాబి కండువా కనిపిస్తున్న రోజులని వాసంతికి తెలుసు. కానీ బయటి కండువానూ తన తెరనూ కలిపి చూడాలని తోచలేదు.

డిపార్ట్‌మెంటులో ఆ ప్రోగ్రాం ప్రదర్శన రోజున ఛార్జరు మోసుకుంటూ వెంట వెళ్ళి ఆఖరి వరుసలో కూర్చుంది. డిపార్ట్‌మెంటు హెడ్, దాన్ని పరిశీలించే కమిటీ వాళ్ళు ముందు వరుసలో, పిల్లలు వెనక. "రంగుల ఆలోచన కూడా నాదే సార్. మా ఆవిడ టైపింగులో కాస్త సాయపడింది" అని శశిభూషణ్ నవ్వాడు. వాసంతి కూడా నవ్వింది. అతను తెర వెలిగించాడు. నిలువెత్తు తెర మీద గులాబి మాటలు బారులు తీరాయి.

ముందు ఒక ఈల. తర్వాత సుదర్శన్ అనే విద్యార్థి లేచాడు. "ఏంది సార్, మీరు గూడ మా దిక్కే వచ్చిన్రా? ముందుగాల చెప్తె కండువ తెస్తుంటిమి గద."

"సారు నోటితోని చెప్పడురా, కంప్యూటర్‌తోని చెప్పిచ్చిండు" అన్నాడు పక్కవాడు. హాలంతా నవ్వులు, జై తెలంగాణలు.

శశిభూషణ్ తెర వైపు చూశాడు. తప్పేదో కనిపించలేదు. బట్టల కొట్టులో చూసినట్టు వాసంతి వైపు చూశాడు.

"ఏమిటయ్యా ఇది? ఈ రోజుల్లో, ఈ క్యాంపస్‌లో, నీకు ఈ రంగే దొరికిందా?" అన్నాడు హెడ్.

"రంగులు నావి కావు సార్. మా ఆవిడ వేసింది. వాళ్ళది జనగామ" అన్నాడు శశిభూషణ్.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. వాసంతికి ఒళ్ళంతా సిగ్గుతో మండింది. పని తనదని అతను చెప్పుకున్నప్పుడు నవ్వినందుకు సిగ్గు. తప్పయ్యేసరికి అది తన పుట్టింటి ఊరి దాకా పోయినందుకు సిగ్గు. ఇంతమందిలో ఆ మనిషి భార్యగా కూర్చున్నందుకు కూడా.

"పొరపాటున పడి ఉంటుంది లేమ్మా. వచ్చి మార్చేయండి" అన్నాడు హెడ్ మెత్తగా.

'పొరపాటైంది సార్' అన్న మాట అప్పటికే నాలుక చివర తయారుగా ఉంది. దాని కోసం వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది. పప్పుకు, ఆలస్యంగా వచ్చిన కాఫీకి, జ్వరం వచ్చిన పాపకు, అన్నిటికీ ఆమె వాడేది ఆ ఒక్క మాటే. మొగుడు అందరి ముందూ చెప్పిన మాట కంటే, అడక్కముందే తన నోట్లో సిద్ధంగా ఉన్న ఆ మాటకే ఆమె ఎక్కువ సిగ్గుపడింది. చచ్చిపోవాలనిపించేంత సిగ్గు.

లేచి ముందుకు నడిచింది. శశిభూషణ్ పక్కకు జరిగి "నీలం పెట్టెయ్, త్వరగా" అని గొణిగాడు. అతని లోపం ఆమె చేతుల్లో ఉంది. ఒక్క ముక్క చాలు, హాలంతా అతని వైపు తిరుగుతుంది. ఆమెకు అది అక్కర్లేదనిపించింది. మౌసు పట్టుకుని తెర మీది ప్రోగ్రామును మొదటి లైను దాకా పైకి జరిపింది. ఏళ్ళుగా అత్తగారింట్లో అణిచిపెట్టుకున్న మాటతీరు దానంతటదే వచ్చింది.

"నా పేరు వాసంతి. గిది మొత్తం నేను రాసిన. రంగు సంగతి తర్వాత మాట్లాడుదాం సార్, ముందు ఇది ఎట్ల పనిచేస్తదో చెప్తా."