ఒకే పేరు రెండుసార్లు

తోమాల్సిన గిన్నెల్లాగే ఫోల్డర్లను కూడా నా మొగుడు నాకే వదిలేస్తాడు. పెళ్లి నుంచి వచ్చి కెమెరా కార్డు బల్ల మీద పడేస్తాడు. ఫోటోలను ఎక్కడో ఒకచోట దించి, నోటికొచ్చిన పేరు పెడతాడు. కొత్తది, కొత్తది రెండు, ఫైనల్, ఫైనల్ ఫైనల్. ఒకనాడు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, ఒకనాడు చిన్నక్షరాల్లో, ఓపికుంటే తెలుగులో. ఆరేళ్లుగా వాటిని సర్దుతున్నది నేనే. కోరుట్లలో మా స్టూడియో బోర్డు మీద ఆయన పేరే ఉంటుంది, గంగాప్రసాద్ అని. ఆల్బమ్ చివరి పేజీలో డిజైన్ చేసినవారి పేరు కూడా ఆయనదే. మంచి ఫోటోలు ఏరి, రంగులు దిద్ది, పేజీలు కూర్చే మనిషి ఇంటి వెనక గదిలో ఉంటుందని ఆల్బమ్ తిప్పేవాళ్లకు తెలియదు. ఒకసారి పెళ్లివాళ్లు ఇంటికే వచ్చి ఆల్బమ్ చాలా బాగుందన్నారు. నేను టీ కప్పులు పట్టుకొని పక్కనే నిలబడి ఉన్నాను. మూడు రోజులు కంటి మీద కునుకు లేకుండా కూర్చొని చేశానని ఆయన చెప్పాడు. నా చేతిలోంచి కప్పు తీసుకుంటూనే చెప్పాడు.

పెళ్లికి ముందు జగిత్యాలలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో రెండేళ్లు పాఠాలు చెప్పాను. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. మా అత్త ముత్తవ్వ దృష్టిలో నేను కంప్యూటరు ముందు కూర్చోవడమంటే పని తప్పించుకోవడమే. ఎసరు పెట్టి పోయి ఆ డబ్బా ముందు కూర్చుంటుందని వాడకట్టులో చెప్పుకునేది. పిల్లలు ఇంకా కాలేదన్న దెప్పుడు కూడా ఆ డబ్బా మీదుగానే వచ్చేది, అదే దానికి బిడ్డ అని.

మొన్న జనవరిలో, పెళ్లిళ్లు మొదలయ్యే ముందు, పాత హార్డ్ డిస్కులు రెండూ టిక్కుటిక్కుమని చప్పుడు చేయసాగాయి. ఆయన పెద్ద కొత్త డిస్కు తెచ్చి, ఆరేళ్ల పెళ్లిళ్లన్నీ దాంట్లోకి ఎక్కించమన్నాడు. ఒక్క ఫోటో పోయినా పార్టీవాళ్లు తన గల్లా పట్టుకుంటారని చెప్పి, కొండగట్టు దగ్గర ఏదో షూట్ ఉందని వెళ్లిపోయాడు.

చిక్కంతా పేర్లతోనే. జమున అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసినా, చిన్నక్షరాలతో రాసినా కొత్త డిస్కుకు రెండూ ఒకటే. రెండోది ఎక్కించబోతే, ఈ పేరుతో ఇప్పటికే ఒకటి ఉంది, దాన్ని చెరిపి దీన్ని పెట్టనా అని అడుగుతుంది. తెలుగులో దీనికి ఎదురు. మైసవ్వ అనే పేరులో ఐత్వాన్ని ఒక కీబోర్డు ఒకే గుర్తుగా వేస్తుంది, ఇంకొకటి రెండు ముక్కలు కలిపి వేస్తుంది. మన కంటికి తేడా తెలియదు, డిస్కు మాత్రం వాటిని రెండు పేర్లుగా దాచుకుంటుంది. దినేశ్‌బాబు అని కలిపి టైపు చేస్తే శకారం కింద బకారం వత్తుగా పడిపోతుంది. పడకుండా మధ్యలో ఒక గుర్తు వేస్తాం. అది అక్షరం కాదు, తెర మీద కనపడదు, కానీ పేరులో ఉంటుంది.

అందుకని చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. అది ప్రతి పేరునూ తీసుకొని, పెద్దక్షరాలను చిన్నవి చేసి, ఐత్వాన్ని ఒకే రూపంలోకి మార్చి, కనపడని గుర్తులనూ చివర మిగిలిన ఖాళీలనూ తీసేసి, అప్పుడు ఒకదానితో ఒకటి పోల్చి చూస్తుంది. ఒకటేనని తేలినవాటిని జంటలుగా రాసిస్తుంది. చేత్తో చేస్తే నెల పట్టే పని. అది తప్పు లేకుండా నడిచినప్పుడు ఎంత సంబరపడ్డానో చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. వెళ్లి కలిపి వచ్చాను.

ఏ పదో పన్నెండో జంటలు వస్తాయనుకున్నాను. అవి వచ్చాయి. వాటి కింద ఇంకో నలభై ఒకటి ఉన్నాయి, అన్నీ ఆడవాళ్ల పేర్లు. జమున, కోనరావుపేట. సుస్మిత, పెగడపల్లి. ఒక్కో పేరు రెండుసార్లు. చూడటానికి అచ్చంగా ఒకేలా ఉన్నాయి, ఇన్నాళ్లూ కంటపడ్డా కాపీలేననుకొని తెరవలేదు. తేడా ఏమిటో వెతికితే రెండోదాని చివర ఆ కనపడని గుర్తు ఉంది. జమున అన్న పేరు చివర దానికి ఏ పనీ లేదు. ఒకటి రెండుచోట్లయితే పొరపాటున పడిందనుకోవచ్చు. నలభై ఒక్కచోట్ల పడదు.

ఎవరు పెట్టారో ఆలోచించాల్సిన అవసరం రాలేదు. నాలుగేళ్ల కింద ఒక ఆదివారం ఆయన నా పక్కకు కుర్చీ లాక్కొని, ఒకేచోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు పెట్టవచ్చా అని అడిగాడు. ఇద్దరు పెళ్లికూతుళ్లది ఒకే పేరు, ఊరు కూడా ఒకటే అన్నాడు. నేను ఆ గుర్తు ఎలా వేయాలో నేర్పాను. "నువ్వు జబర్దస్త్ ఉన్నవే" అన్నాడు. ఈ ఇంట్లో నా చదువును ఎవరైనా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ మాటను ఎన్ని రోజులు మనసులో తిప్పుకొని మురిసిపోయానో తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

జమున రెండో ఫోల్డర్ తెరిచాను. మంగళస్నానం ఫోటోలు. ఆ ఆల్బమ్ చేసింది నేనే, నాకు బాగా గుర్తు. పసుపునీళ్లు పోస్తుంటే కళ్లు గట్టిగా మూసుకొని నవ్వే పిల్ల. ఇక్కడ ఆ నవ్వు లేదు. మెడ పైభాగాన్ని ఫోటోలోంచి కత్తిరించేశాడు. తడిసిన బట్ట ఒంటికి అంటుకున్న చోటును దగ్గరికి లాగి, అంతవరకే ఉంచాడు. తరువాతి ఫోల్డర్‌లో విస్తరి వేయడానికి వంగిన ఒక ఆమె. ఆ తరువాతి దానిలో చంటిబిడ్డకు పాలివ్వడానికి గోడ వైపు తిరిగిన తల్లి. ఆమె తిరిగిన గోడ పక్కకే వెళ్లి తీశాడన్నమాట. ఒక్కరికీ ముఖం లేదు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఇంకో చిన్న ఫోల్డరు ఉంది. దాని పేరు 'పంపినవి'.

పెళ్లిళ్లలో ఆడవాళ్లందరినీ చెల్లె అని పిలుస్తాడు. కొంచెం గిటు తిరుగు చెల్లె, నవ్వు చెల్లె. గంగాప్రసాద్ అయితే ఆడపిల్లలున్న ఇంటికి నిమ్మళం అని పెద్దవాళ్లు మాకే పని ఇచ్చేవారు. ఇంతవరకూ ఆయన అని రాస్తూ వచ్చాను. ఇక నా చేయి రాయదు.

జాబితాలో ముప్పై నాలుగో పేరు రచన. ఊరు లేదు. అది నేను.

మొదటి ఫోల్డర్ మా పెళ్లి ఫోటోలది, రెండోది తెరిచాను. పెళ్లిళ్ల రోజుల్లో తెల్లవారుజామున లేచి పని మొదలుపెట్టేదాన్ని. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ గదిలోనే చాప మీద కాసేపు నడుం వాల్చేదాన్ని. అతను తీసుకొచ్చిన పెళ్లి ఫోటోలు దిద్ది దిద్ది ఒళ్లు తెలియకుండా పడుకున్న మధ్యాహ్నాలు అవన్నీ. పైట తొలగి ఉంది. ఒక ఫోటోలో తొలగలేదు, తరువాతి దానిలో తొలగి ఉంది. రెండింటి మధ్య నేను కదల్లేదు. నా ఫోల్డర్‌లోనూ 'పంపినవి' ఉంది. దానిలో పదకొండు ఉన్నాయి. ఎవరికి పంపాడో రాసి లేదు. ఈ వీధిలో నాకు ఎదురుపడి, ఏం వదినా బాగున్నవా అని అడిగే మగవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గిన్నెలు తోమే జాలారు దగ్గరికి పరుగెత్తి కక్కుకున్నాను. మా అత్త వెనకాలే వచ్చి వీపు నిమిరి, నవ్వు ముఖంతో, ఏమన్న విశేషమా బిడ్డా అని అడిగింది.

చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగాను. మౌసును కూడా తడిగుడ్డతో తుడిచాను. తిరిగి కూర్చొని మిగిలిన పని పూర్తి చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే వింతగా ఉంటుంది కానీ, చేతులకు అలవాటైన పని అది. జంటల్లో రెండో పేరు చివర ఒక అంకె చేర్చి, ఏది ఏదో కంటికి తెలిసేలా, నలభై ఒక్కటీ కొత్త డిస్కులోకి ఎక్కించాను. నా ఫోల్డర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లోకి కూడా వేసుకున్నాను.

పొద్దుగూకే వేళకు అతను వచ్చి, కాళ్లు కడుక్కొని పీట మీద కూర్చున్నాడు. అన్నం పెట్టలేదు. జమున పేరు రెండుసార్లు ఎందుకుందని అడిగాను. మొదట ఏ జమున అన్నాడు. తరువాత ఇద్దరు జమునలున్నారన్నాడు. రెండోది తెరిచి చూశానని చెప్పాక, సిగ్గుపడతాడేమోనని అతని ముఖం చూశాను. చిరాకు పడ్డాడు, ఎవరో తన జేబులో చెయ్యి పెట్టినట్టు.

"ముఖాలు లెవ్వు గదా. ఎవలది ఎవలదో ఎవలకు ఎరుక?" అన్నాడు.

"పేర్లున్నై గదా. నువ్వే పెట్టినవు."

"గట్ల పెట్టుడు నేర్పింది నువ్వే."

ఆ మాట అంటాడని నాకు తెలుసు. అయినా అది వచ్చి తగిలిన చోట ఇప్పటికీ నొప్పి ఉంది.

మా అత్తకు విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె ముందుగా లేచి తలుపు దగ్గరికి వేసింది. మగవాడన్నాక ఏవో చూస్తాడని, చెరిపేస్తాడులెమ్మని, బయటపడితే స్టూడియో మూతపడుతుందని, నా కూడు కూడా దాంట్లోనే ఉందని చెప్పింది. నా ఫోటోలు కూడా ఉన్నాయని, పరాయి మగవాళ్లకు పంపాడని అన్నాను. చివరి మాట విననట్టే, "పెండ్లాం ఫోటో మొగడు తీస్తే తప్పేంది బిడ్డా" అంది. బిడ్డా అన్న మాటను ఆమె ఎప్పుడూ లేనంత మెత్తగా పలికింది.

అతను లేచి వెళ్లి పాత డిస్కులు రెండింటి నుంచీ వాటన్నిటినీ తీసేశాడు. నన్ను పక్కన నిలబెట్టి మరీ తీసేశాడు. అయిపోయింది, ఇక సంబరమేనా అని అడిగి, అన్నం పెట్టమన్నాడు. కొత్త డిస్కు గురించి అడగలేదు. ఎక్కించే పని నాది కదా. ఎంతవరకు చేశానో, ఏమేం చేశానో తెలుసుకునే అవసరం ఆరేళ్లలో అతనికి ఎప్పుడూ రాలేదు. మా అత్తే అతనికి అన్నం పెట్టింది.

తెల్లవారి డిస్కు సంచిలో వేసుకొని సిరిసిల్ల బస్సెక్కాను. జమునను సిరిసిల్లలోనే ఇచ్చారు. ఆల్బమ్ అప్పగించిననాడు రాసుకున్న నంబరుకు ఫోన్ చేస్తే, ఏదో పేజీ మార్చాలేమోననుకొని ఇంటికి రమ్మంది. ముందుగదిలో బడిపిల్లల యూనిఫాంలు కుడుతోంది. గుట్టలుగా నీలం లాగులు. ఇంట్లో ఇంకెవరూ లేరు. చెల్లె అని పిలవబోయి ఆగిపోయాను, ఆ మాట నా నోటికి రాలేదు. జమునా అని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ గుర్తు వేయడం నేర్పింది నేనేనని కూడా చెప్పాను.

ఆమె వింటూనే చేతిలోని లాగు కుట్టు చివరిదాకా కుట్టింది. దారం తెంపింది. చూపించనా అని అడిగితే వద్దంది.

"మా ఆయన మస్కట్ల ఉన్నడక్కా. ఆయనకు ఎరుకైతే ముందుగాల నన్నే అడుగుతడు, గట్లెందుకు నిలవడ్డవని. నా పేరు పెట్టకు."

పెట్టనన్నాను. ఆమె తల ఊపి ఇంకో లాగు తీసుకుంది, కానీ సూదిలోకి దారం ఎక్కించలేకపోయింది. నేను ఎక్కించి ఇచ్చాను. గడప దాకా వచ్చి, మిగతావాళ్లకు కూడా ఇట్లనే ఇంటికి పోయి చెప్పు అక్కా, ఫోన్ల మాత్రం చెప్పకు అంది.

ఇంటికి పోయే బస్సు ముందుగా వచ్చింది. ఎక్కలేదు. జగిత్యాల బస్సు కోసం ఆగాను. బస్సులో కూర్చున్నంతసేపూ సంచి ఒళ్లో పెట్టుకొని, నాకు తెలిసిన చట్టం ఎంత, నాకు తెలిసిన మనుషులెందరు అని లెక్కపెట్టుకున్నాను. రెండూ పెద్దగా లేవు. నా పేరు కాక ఇంకో నలభై పేర్లు నా దగ్గరున్నాయి కానీ, వాళ్లను అడగకుండా ఆ పేర్లు ఎవరి ముందూ తీసే హక్కు నాకు లేదు. అడగకుండా వాడుకోవడం అతని పద్ధతి.

జగిత్యాలలో, పోలీసుల దగ్గర ఆడవాళ్ల ఫిర్యాదులు తీసుకునే గదిలో ఒక మేడం కూర్చొని ఉంది. నాకంటే చిన్నదే. ఓపికగా విన్నది. ఆ గుర్తు సంగతి రెండుసార్లు అడిగి తెలుసుకుంది. ఎవరి ఫోటోలు, వాళ్లు వచ్చారా అని అడిగింది. వాళ్లను ఒక్కొక్కరినీ కలిసి, వస్తామన్నవాళ్లను తీసుకొస్తానని చెప్పాను. ఎవరో ఒకరు సంతకం పెడితే గాని మొదలుపెట్టలేమమ్మా అంది. ఆమె నన్ను భయపెట్టడానికి అనలేదు, ఉన్న సంగతి చెప్పింది.

"ఒక్కరు చాలా మేడం?"

"చాలు."

సంచిలో డిస్కును అలాగే ఉంచి, పెన్‌డ్రైవ్ ఒక్కటే తీసి బల్ల మీద పెట్టాను. దీనిలో ఉన్నవి నావి, నన్ను అడిగి తీసినవి కావు, నిద్రలో ఉన్నానన్నాను. మేడం ఒకసారి నా ముఖంలోకి చూసి, కాగితం దగ్గరికి లాక్కొని పెన్ను మూత తీసింది. పేరు అడిగితే రచన అని, తండ్రి పేరు అడిగితే జలపతి అని చెప్పాను. రాసింది.

"భర్త పేరు?"

"అది కింద, నిందితుని పేరు రాసే కాడ రాయుండ్రి మేడం" అన్నాను. "రెండుసార్లు ఎందుకు."