పాప దుప్పట్లో ఇనుము

నేను ఒక అడకత్తెరని. నా మధ్య నలిగే పోకచెక్క మీద జాలిపడే జనం నా మొహం ఎన్నడైనా చూశారా? సాలూరులో ఒక కమ్మరి నన్ను కొలిమిలో కాల్చి, సుత్తితో చావగొట్టి ఈ రూపం ఇచ్చాడు. ఒక ముసలమ్మ చేతిలో ఏళ్ల తరబడి వక్కలు కత్తిరించాను. ఆవిడ పళ్లు ఊడిపోయాక నాకు పెద్ద ఉద్యోగమే దొరికింది. పసిబిడ్డకి కాపలా.

ముసలమ్మ మనవరాలు గౌరీశ్వరికి ఇద్దరు బిడ్డలు పుట్టి, పురిట్లోనే పోయారు. మూడోసారి కడుపుతో ఉండి, భర్త పనిచేసే బుడాపెస్ట్‌కి బయల్దేరుతుంటే ముసలమ్మ నన్ను ఆమె చేతిలో పెట్టింది. "ఇనప ముక్క ఒగ్గేసి పిల్లని గడప దాటించకమ్మా, గాలీ ధూళీ సోకుతాది" అంది. అక్కడే పాప పుట్టింది. ఇప్పుడు మూడో నెల. నేను దుప్పటి మడతలో పడుకుని దాని ఊపిరే వింటూ ఉంటాను. అది ఆగిపోతే నేనేం చెయ్యగలనో నాకూ తెలియదు. ఆ భయంతోనే బతుకుతున్నాను.

ఇవాళ గౌరి భర్త చిన్నంనాయుడు వాళ్లని పార్లమెంటు భవనం చూపించడానికి తీసుకెళ్లాడు. నది ఒడ్డున కొండంత మేడ. వరసలో నిలబడి ఫోన్‌లో చూసి చెప్పాడు. "లోపల పాతకాలం రాజుల కిరీటం ఉందంట. సోల్జర్లు కత్తులు దూసి కాపలా కాస్తారంట." అయితే వాళ్లు నావాళ్లేనని పొంగిపోయాను.

గుమ్మం దగ్గర మెషిన్ నన్ను పట్టేసింది. గార్డు నన్ను దుప్పట్లోంచి తీసి, తెరిచి, మూసి, తల అడ్డంగా ఊపాడు. కిరీటానికి ఇనుము కావాలి, పసిబిడ్డకి కూడదు!

"ఇక్కడ ఒగ్గేద్దాం గౌరీ. వచ్చేటప్పుడు ఇచ్చేస్తారంట" అన్నాడు చిన్నంనాయుడు.

"నానొగ్గను. ఇద్దరు పోనారు. మీకేటి తెలుసు?"

వెనక జనం విసుక్కున్నారు. గౌరి ఏడుస్తూనే నన్ను వదిలింది. పెట్టెలో కత్తెరల మధ్య పడ్డాను. పాపా, ఊపిరి పీల్చు, పీల్చవే అని మొత్తుకున్నాను. ఇనుముకి నోరేది?

చాలాసేపటికి వచ్చారు. పాప బతికే ఉంది! బంగారు పైకప్పులోని దీపాల్ని అది ఎలా గుడ్లప్పగించి చూసిందో చెబుతూ గౌరి పకపకా నవ్వుతోంది. ఆమె నవ్వు నేను వినడం అదే మొదలు.

చిన్నంనాయుడు ఆగాడు. "అడకత్తెర తీసుకుందామా?"

గౌరి నావైపు చూసింది. "ఇంకెందుకండీ? ఒగ్గేండి. నానున్నాను కదా దానికి."

వెళ్లిపోతున్నారు. గౌరీ, కాపలా పని వద్దులే. ఏ మూలనో పడుంటాను. నన్ను తీసుకుపోవే తల్లీ!